కదిలే కడుపు, కదలని కిరణం

1896 జూలై 4. ఫ్రాన్స్‌లో లియోన్ నగరం. విక్టర్ డెస్పేన్ అనే డాక్టర్ 52 ఏళ్ల రోగి ఒకరి పొట్ట మీదికి ఒక గాజు గొట్టాన్ని తిప్పి కరెంటు పెట్టాడు. ఆ రోగి బాగా చిక్కిపోయి ఉన్నాడు. పొట్టలో చేతికి తగిలే గడ్డ ఉంది. అది ఎంతుందో చెప్పడానికి డాక్టర్ వాడిన పోలిక చదివితే ఒళ్లు జలదరిస్తుంది: ఎనిమిది నెలల గర్భస్థ శిశువు తలంత. జీర్ణాశయ క్యాన్సర్ అని నిర్ధారించాడు. ఆ రోజుల్లో ఆ మాటకి అర్థం ఒక్కటే, ఇక చేసేది లేదని.

డెస్పేన్ చేతిలో ఉన్నది ఆరు నెలల పసి వస్తువు. విల్హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్‌రేల సంగతి లోకానికి చెప్పింది 1895 డిసెంబరు చివర్లో. తన భార్య చేతి ఎముకలూ వేలికున్న ఉంగరమూ కనిపించే ఆ ఫొటో కొన్ని వారాల్లోనే యూరప్ అంతా చుట్టేసింది. ఆ కిరణాలు లోపలికి వెళ్లి చూపించగలిగితే, లోపలికి వెళ్లి ఏదైనా చేయగలవేమో కదా! ఈ ఊహ అప్పట్లో చాలామందికి ఒకేసారి వచ్చింది. షికాగోలో ఎమిల్ గ్రూబే తాను జనవరిలోనే మొదలుపెట్టానని తర్వాత్తర్వాత చెప్పుకున్నాడు. ఎవరు మొదటివారన్న తగాదా నూరేళ్లు దాటినా తెగలేదు, తెగకపోయినా మనకి వచ్చే నష్టమేమీ లేదు. డెస్పేన్ మాత్రం తాను చేసింది వెంటనే వైద్యపత్రికలో రాసిపెట్టాడు. రోజుకి రెండుసార్లు, అరగంట చొప్పున. నొప్పి తగ్గింది. గడ్డ కూడా చెప్పుకోదగ్గంత తగ్గిందని రాశాడు. రోగి మాత్రం జూలై 24న చనిపోయాడు.

ఈ కథలో ఒక చిక్కుముడి ఉంది. అప్పటి గొట్టాల్లోంచి వచ్చే కిరణాలు చాలా బలహీనమైనవి. వాటి శక్తి చాలావరకు చర్మంలోనే ఇంకిపోతుంది. పొట్టగోడ దాటి లోపలికి చేరేది చాలా తక్కువ. పైగా జీర్ణాశయానికి మామూలుగా వచ్చే క్యాన్సర్ రేడియేషన్‌కి అంత తేలిగ్గా లొంగే రకం కాదు. మరి ఆ గడ్డ అన్ని కొద్ది రోజుల్లో ఎలా తగ్గింది? డాక్టరుగారి ఆశ చేతివేళ్లలోకి దిగి గడ్డను చిన్నది చేసిందనుకోవచ్చు. అలాంటివి వైద్యంలో కొత్త కాదు. కానీ ఈ మధ్య ఆ రికార్డులు మళ్లీ తిరగేసిన రేడియేషన్ శాస్త్రవేత్తలు ఇంకో మాట అంటున్నారు. అది మామూలు క్యాన్సర్ కాదు, లింఫోమా అయి ఉండొచ్చని. జీర్ణాశయం గోడలో చేరిన తెల్లకణాలు, అంటే లింఫోసైట్లు, అదుపు తప్పి పెరిగితే వచ్చే జబ్బు అది. ఆ కణాలకు రేడియేషన్ అంటే ప్రాణభయం. చిన్న మోతాదుకే కూలిపోతాయి. ఆ రోజు కోసి తీసి మైక్రోస్కోపు కింద చూసిన ముక్క ఏదీ లేదు కాబట్టి ఇది ఊహే, రుజువయ్యేది కాదు. అయినా నాకీ ఊహ నచ్చింది. మనిషి చేసిన మొట్టమొదటి రేడియేషన్ చికిత్సల్లో ఒకటి, తనకు తెలియకుండానే, సరైన జబ్బు దగ్గరికి వెళ్లి నిలబడింది.

ఏం జబ్బుకి చేస్తున్నాడో డెస్పేన్‌కి తెలియదు. అది పొట్టలో సరిగ్గా ఎక్కడుందో కూడా తెలియదు. మొదటి సంగతి తేలడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. రెండోది ఇప్పటికీ రోజూ కొత్తగా తేల్చుకోవలసిందే. ఎందుకంటే కడుపు నిన్న ఉన్న చోట ఇవాళ ఉండదు.

*

కడుపు కదులుతుందన్న విషయం కూడా ఎక్స్‌రేలే చెప్పాయి, అదీ మొదట్లోనే. డెస్పేన్ ప్రయోగం జరిగిన ఏడాదే, 1896 చివర్లో, బోస్టన్‌లో హార్వర్డ్ మెడికల్ స్కూలు విద్యార్థి ఒకడు జంతువులకి బిస్మత్ కలిపిన తిండి పెట్టి ఎక్స్‌రే తెర మీద అది గొంతు దిగడం చూడసాగాడు. పేరు వాల్టర్ కానన్. ముందు మింగడం చూశాడు, తర్వాత పిల్లులకి తినిపించి జీర్ణాశయం చూశాడు. 1898లో రాసిన వ్యాసంలో ఆ కదలికలన్నీ వర్ణించాడు: అలల్లాగా నడుమ నుంచి చివరిదాకా సాగే ముడతలు, తిండి మెదిగి కిందికి జారడం. ఇంకో చిత్రం కూడా పట్టుకున్నాడు. పిల్లికి కోపమో బెదురో వస్తే కడుపు కదలిక ఉన్నట్టుండి ఆగిపోతుంది. నెమ్మదించాక మళ్లీ మొదలవుతుంది. భయపడ్డ ఒంటి గురించి కానన్ తర్వాత చేసిన పేరున్న పనంతా ఈ పిల్లుల దగ్గరే మొలకెత్తింది.

ఆ తెర ముందు అన్ని గంటలు కూర్చున్నందుకు ఆయన మూల్యం కట్టాడు. చర్మం కాలింది, దద్దుర్లు లేచాయి. 1931లో మైకోసిస్ ఫంగాయిడిస్ అని తేలింది. పేరు చూసి ఏదో బూజు అనుకోకండి, అది చర్మానికి వచ్చే ఒక లింఫోమా. తొలినాళ్ల ఎక్స్‌రేలే కారణమని ఆయనా నమ్మాడు, చుట్టూ ఉన్న డాక్టర్లూ నమ్మారు. 1945లో పోయాడు.

(ఇక్కడ ఒక చిన్న పక్కదారి. కానన్ పాఠాలు చెబుతున్న అదే మెడికల్ స్కూల్లో 1920లూ 30లలో ఒక భీమవరం మనిషి పనిచేస్తుండేవాడు, ఎల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది 1895 జనవరిలో, ఎక్స్‌రేలు పుట్టిన ఏడాదే. తర్వాత లెడర్లే కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ వ్యతిరేక మందులు రక్తక్యాన్సర్ పిల్లల మీద పనిచేశాయి. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. కొన్ని రకాల లింఫోమాలకి ఇప్పటికీ వాడుతున్నారు. లింఫోసైట్‌ని చంపే దారులు రెండని, ఒకటి కిరణం, ఒకటి రసాయనమని అనుకుంటే, రెండో దారి తవ్వినవాళ్లలో మనవాడు ఉన్నాడు.)

సరే, నన్ను ఆశ్చర్యపరిచేది ఇది. 1898 నాటికే కడుపు కదులుతుందని, ఎలా కదులుతుందో కూడా అచ్చయి ఉంది. రేడియేషన్ డాక్టర్లు మాత్రం ఇంకో తొంభై ఏళ్ల పాటు కడుపుని గోడకి కొట్టిన మేకులాగా భావించి గురిపెట్టారు. తెలియక కాదు, చేతిలో సాధనం లేక.

*

ఆ తొంభై ఏళ్లలో రెండు మూడు మజిలీలు మాత్రం చెప్పుకోవాలి.

మొదటిది మోతాదు సంగతి. 1920లలో పారిస్‌లో క్లోడ్ రెగో పొట్టేళ్ల వృషణాల మీద ప్రయోగాలు చేయించాడు. ఆయనదీ లియోనే. పొట్టేలుని ఒక్క దెబ్బతో వంధ్యం చేయాలని చూస్తే పైచర్మం భయంకరంగా కాలిపోయేది. అదే మోతాదుని రోజులమీద విడగొట్టి ఇస్తే చర్మం నిలబడింది, లోపలి వీర్యకణాల తయారీ ఆగిపోయింది. ఎడతెగకుండా విభజన చెందే కణాలకు విడత దెబ్బలు తట్టుకునే తీరిక దొరకదు, మామూలు కణజాలం మాత్రం మధ్యలో మరమ్మతు చేసుకుంటుంది. ఇవాళ ఏ ఆస్పత్రిలోనైనా రేడియేషన్‌ని నెల రోజులు, ఆరు వారాలు అంటూ విడతలుగా ఇస్తున్నారంటే, దాని వెనక ఆ పొట్టేళ్లున్నాయి.

మోతాదుని ఇప్పుడు గ్రేలలో కొలుస్తారు. ఒక కిలో ఒంటికి ఒక జౌలు శక్తి చేరితే ఒక గ్రే. జీర్ణాశయ లింఫోమాకి మామూలుగా ఇచ్చేది మొత్తం 30 గ్రే. ఈ శక్తినంతటినీ ఒక్కసారి వేడిగా మారిస్తే నీటి వేడి ఒక డిగ్రీలో వందో వంతు కూడా పెరగదు. ఒక గుటక టీ దానికంటే ఎన్నో రెట్లు వేడి మోసుకొస్తుంది. దెబ్బ వేడిది కాదు. ఆ కొద్దిపాటి శక్తి డీఎన్‌ఏ దగ్గర పగిలే చోటనే పగలగొడుతుంది.

రెండో మజిలీ లింఫోమాది. రేడియేషన్‌తో మెడ గడ్డలు కరిగిపోతాయని 1902, 1903 నాటికే షికాగోలో విలియం ప్యూసీ, నికొలస్ సెన్ రాశారు. కరగడం ఒక ఎత్తు, మళ్లీ రాకుండా ఉండడం ఒక ఎత్తు. హాజ్కిన్ జబ్బు రేడియేషన్‌తో నయమవుతుందని లెక్కలతో చూపించింది టొరంటోకి చెందిన వేరా పీటర్స్, 1950లో. చాలామంది నమ్మలేదు. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో హెన్రీ కాప్లాన్ వచ్చాడు. 1956లో అక్కడ లీనియర్ యాక్సిలరేటర్ మొదలయింది. మొదటి రోగి కంట్లో గడ్డ ఉన్న రెండేళ్ల పిల్లవాడు, వాడి చూపు నిలిచింది. కాప్లాన్ ఆ యంత్రాన్ని హాజ్కిన్ జబ్బు మీదికి తిప్పాడు. మెడ నుంచి గజ్జల దాకా లింఫు గ్రంథులున్న ప్రతిచోటా, పెద్ద పెద్ద క్షేత్రాలు, పెద్ద మోతాదులు. రోగులు బతికారు.

బతికి, ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత గుండెజబ్బులతో, రొమ్ము క్యాన్సర్‌లతో, థైరాయిడ్ దెబ్బతిని మళ్లీ ఆస్పత్రికి వచ్చారు. నయమైన వాళ్లు ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి చికిత్స మిగిల్చిన దెబ్బ బయటపడే వ్యవధి కూడా వాళ్లకే దొరుకుతుంది. లింఫోమా రేడియేషన్ చరిత్రలో ఆ తర్వాత నడిచిన నలభై ఏళ్లు క్షేత్రాన్ని చిన్నది చేసుకుంటూ పోవడమే. మొత్తం ఒళ్లు, తర్వాత ఆ ప్రాంతం, తర్వాత ఆ చోటు మాత్రమే. క్షేత్రం చిన్నదయ్యే కొద్దీ గురి తప్పితే క్షమించేది తగ్గుతుంది. పాతకాలపు భారీ క్షేత్రానికి కడుపు రెండు సెంటీమీటర్లు అటైనా ఇటైనా ఒకటే.

*

ఇక జీర్ణాశయ లింఫోమా దగ్గరికి వద్దాం. ఇక్కడ చరిత్ర కాస్త సిగ్గుపడే పద్ధతిలో నడిచింది.

ఈ జబ్బు లక్షణాలు ఏమిటని అడిగితే చెప్పేవి మన ఇళ్లలో రోజూ వినేవే: కడుపులో మంట, కొంచెం తింటే నిండినట్టు, పైకి తన్నడం. మనవాళ్లు ఇవన్నీ కలిపి గ్యాస్ ట్రబుల్ అని ఒక్క మాటలో చుట్టేస్తారు, చాలాసార్లు అది అదే. మంట ఏళ్ల తరబడి నడిచాక ఎండోస్కోపీ చేస్తారు, ఒక ఎర్రని మచ్చో పుండో కనిపిస్తుంది, ముక్క తీస్తారు. 1970ల దాకా ఆ ముక్కలో లింఫోసైట్ల గుంపులు కనిపిస్తే కొందరు పాథాలజిస్టులు దాన్ని 'దొంగ లింఫోమా' అనేవాళ్లు, అంటే చూడ్డానికి అలా ఉంది గానీ క్యాన్సర్ కాదని. కొందరు క్యాన్సరే అనేవాళ్లు. రెండు వర్గాలూ చివరికి రోగిని పంపింది ఒకే చోటికి, సర్జన్ బల్ల మీదికి. జీర్ణాశయం సగమో మొత్తమో తీసేసేవారు.

జీర్ణాశయం లేకుండా బతకొచ్చు. కానీ ఎలా? గుప్పెడు గుప్పెడుగా రోజుకి ఆరేడుసార్లు తింటూ, తిన్న వెంటనే చెమటలు, గుండెదడ వస్తుంటే భరిస్తూ, బి12 ఇంజెక్షన్లు జీవితాంతం పొడిపించుకుంటూ. పెళ్లి భోజనంలో అందరితో పాటు విస్తరి ముందు కూర్చునే పని ఇక లేనట్టే.

1983లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో పీటర్ ఐజాక్సన్, డెన్నిస్ రైట్ అనే ఇద్దరు పాథాలజిస్టులు ఈ ముక్కల్ని కొత్తగా చూశారు. ఈ కణాలు మెడలోనో చంకలోనో ఉండే గ్రంథుల లింఫోమాల్లా లేవు. పేగు గోడలో సహజంగా ఉండే లింఫు కణజాలాన్ని పోలి ఉన్నాయి. శ్లేష్మపొరల వెంట ఉండే ఆ కణజాలం నుంచి పుట్టే ఒక ప్రత్యేకమైన జబ్బు ఇది అన్నారు. మాల్ట్ లింఫోమా అని పేరు స్థిరపడింది. ఇది నెమ్మదైన జబ్బు. ఏళ్ల తరబడి ఉన్నచోటే కూర్చుంటుంది.

ఇక్కడే ఒక ప్రశ్న తలెత్తుతుంది. ఆరోగ్యంగా ఉన్న జీర్ణాశయం గోడలో ఆ రకం లింఫు కణజాలం అసలుండదు. లేని చోట దాని క్యాన్సర్ ఎలా వస్తుంది?

జవాబు భూగోళం అవతలి వైపు నుంచి వచ్చింది. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరం, 1982. రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ ఇద్దరూ జీర్ణాశయం ముక్కల్లో వంకర బాక్టీరియాని పెంచి చూపించాలని తంటాలు పడుతున్నారు. రెండు రోజులకి ఏమీ కనపడకపోతే పళ్లాలు పారేసేవారు. ఈస్టర్ సెలవుల వల్ల ఒక పళ్లెం అయిదు రోజులు అలాగే ఉండిపోయింది, అందులో మొలిచింది. అల్సర్ మనసులో బెంగ వల్ల, కారం తినడం వల్ల వస్తుందని నమ్మే లోకం వీళ్లని పట్టించుకోలేదు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియా ద్రవాన్ని తానే గ్లాసులో పోసుకుని తాగాడు. కొద్ది రోజుల్లో వాంతులు, కడుపు గోడ వాచిపోవడం, అన్నీ వచ్చాయి. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. కారం సంగతి మన అమ్మమ్మలకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

హెలికోబాక్టర్ పైలోరి అనే ఈ బాక్టీరియా కడుపులో ఏళ్ల తరబడి కాపురం ఉంటే, దాన్ని ఎదుర్కోవడానికి లింఫోసైట్లు అక్కడికి వచ్చి చేరతాయి. లేని కణజాలం అలా కొత్తగా ఏర్పడుతుంది. ఆ గుంపులోంచి ఏదో ఒక కణం దారి తప్పుతుంది. 1991లో ఆండ్రూ వోథర్‌స్పూన్, ఐజాక్సన్ బృందం 110 జీర్ణాశయ మాల్ట్ లింఫోమాల్ని వెతికితే 101 వాటిలో బాక్టీరియా కనిపించింది. 1993లో వాళ్లు ఇంకో అడుగు వేశారు. ఆరుగురు రోగులకి ఆపరేషన్ చేయకుండా యాంటీబయాటిక్స్ ఇచ్చి బాక్టీరియాని తరిమారు. అయిదుగురిలో లింఫోమా మాయమైంది.

క్యాన్సర్, యాంటీబయాటిక్ మాత్రలకి తగ్గింది. మందుల షాపులో దొరికే మాత్రలకి. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు సంతోషం కంటే ముందు, అంతకు ముందు దశాబ్దాల్లో ఈ జబ్బుకే కడుపు కోయించుకున్న వాళ్లు గుర్తొస్తారు. వాళ్లని ఎవరూ మోసం చెయ్యలేదు. ఆ సర్జన్లు తమకు తెలిసిన దాంట్లో మంచిదే చేశారు. అయినా సరే.

*

మాత్రలకి అందరూ లొంగరు. నలుగురిలో ముగ్గురికి లొంగుతుందనుకోండి, మిగిలిన ఒకరి సంగతి? కొందరికి అసలు బాక్టీరియానే ఉండదు. కొందరి లింఫోమా కణాల్లో 11, 18 క్రోమోజోములు ముక్కలు మార్చుకుని ఉంటాయి. ఆ కణాలకి బాక్టీరియా ఆసరా అక్కర్లేదు, దాన్ని తరిమినా అవి పోవు. రేడియేషన్ మళ్లీ రంగం మీదికి వచ్చింది వీళ్ల కోసమే.

1998లో న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెటరింగ్ నుంచి జోకిమ్ యాహలోమ్ బృందం ఒక చిన్న నివేదిక ఇచ్చింది. ఇలాంటి 17 మందికి రేడియేషన్ ఒక్కటే ఇచ్చారు, 30 గ్రే అటూఇటూగా, రోజుకి ఒకటిన్నర గ్రే చొప్పున నాలుగు వారాలు. 17 మందికీ జబ్బు కనపడకుండా పోయింది. కడుపులు కడుపుల్లోనే ఉన్నాయి. ఇతర దేశాల్లోనూ ఇలాంటి ఫలితాలే వచ్చాయి. అటు జర్మనీలో ఆపరేషన్ చేసినవాళ్లనీ చెయ్యనివాళ్లనీ పెద్ద ఎత్తున పోల్చి చూస్తే ఆపరేషన్ వల్ల ఆయుష్షేమీ పెరగలేదని తేలింది. సర్జన్లు మెల్లగా పక్కకి జరిగారు.

ఇప్పుడు కడుపు మొత్తానికి కిరణం పట్టాలి, ఎందుకంటే మాల్ట్ లింఫోమా అక్కడక్కడా మొలకలు వేసి ఉంటుంది. చుట్టూ ఏమున్నాయో చూడండి. ఎడమవైపు వెనక కిడ్నీ. కుడివైపు లివర్. పైన, పలుచని డయాఫ్రమ్ అవతల, గుండె. వెనక వెన్నుపాము. మధ్యలో ఈ సంచి. తినకపోతే ముడుచుకుని ఉంటుంది, తింటే లీటరు పైన పడుతుంది. ఊపిరి తీసుకుంటే ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. పక్కనున్న పెద్దపేగులో గాలి చేరితే అటో ఇటో ఒరుగుతుంది.

పాత పద్ధతిలో రోగికి బేరియం తాగించి ఎక్స్‌రే తెర మీద కడుపు అంచు గీసుకునేవారు. చర్మం మీద చిన్న టాటూ చుక్కలు పెట్టేవారు. రోజూ ఆ చుక్కలకీ ఎముకలకీ సరిచూసుకుని కిరణం వేసేవారు. వెన్నెముక నిన్నటి చోటే ఉంది, సరే. కడుపు వెన్నెముకకి అతుక్కుని లేదే! అందుకని కడుపు తప్పిపోకుండా చుట్టూ అంచు పెంచుకునేవారు. రెండు సెంటీమీటర్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. వినడానికి రెండు సెంటీమీటర్లే. కాస్త లెక్క వేద్దాం. కడుపుని 5 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న బంతి అనుకోండి, 524 ఘనపు సెంటీమీటర్లు. చుట్టూ ఒక సెంటీమీటరు పెంచితే 905. రెండు పెంచితే 1437. అంటే కిరణం పడే మాంసంలో దాదాపు మూడింట రెండు వంతులు కడుపు కానే కాదు. కిడ్నీ, లివర్, పేగు. మనకున్న అనుమానానికి అవి శిక్ష అనుభవిస్తున్నాయి.

ఈ అనుమానం తగ్గించడానికి చేసిన పనే ఇమేజ్ గైడెడ్ రేడియేషన్. అమెరికా మిషిగన్ రాష్ట్రంలో రాయల్ ఓక్ అనే ఊళ్లో విలియం బోమాంట్ ఆస్పత్రి ఉంది. (ఆ పేరు గల విలియం బోమాంట్ పందొమ్మిదో శతాబ్దపు ఆర్మీ డాక్టర్. తుపాకీ దెబ్బకి కడుపులో మూతపడని రంధ్రం మిగిలిన ఒక మనిషిని ఏళ్ల తరబడి గమనించి, జీర్ణక్రియ ఎలా జరుగుతుందో రాసినవాడు. కడుపు లోపలికి మొదట తొంగిచూసిన ఆయన పేరు ఈ ఆస్పత్రికే ఉండటం కాకతాళీయమే గానీ బాగుంది.) అక్కడ 1997లో డి యాన్, ఆయన సహచరులు ఒక ఆలోచన రాశారు. చికిత్స మొదటి రోజు వేసిన ప్లాన్‌ని చివరిదాకా శిలాశాసనంలా పట్టుకోవడం ఎందుకు? రోజూ ఆ రోగిని కొలవండి, ఆ కొలతల నుంచి ప్లాన్ మార్చండి. దీనికి వాళ్లు పెట్టిన పేరు అడాప్టివ్ రేడియేషన్ థెరపీ. అదే చోట డేవిడ్ జాఫ్రే బృందం రేడియేషన్ యంత్రానికే ఒక ఎక్స్‌రే గొట్టం, ఎదురుగా చదునైన డిటెక్టర్ తగిలించి, యంత్రం రోగి చుట్టూ ఒక్కసారి తిరిగితే సీటీ బొమ్మ వచ్చేలా చేసింది. ఇవాళ చాలా పెద్ద ఆస్పత్రుల్లో అది మామూలు సామాను.

సీటీ బొమ్మతో ఒక తంటా ఉంది. ఎముక, గాలి బాగా తేలతాయి. మెత్తని అవయవాల మధ్య గీత మసకగా ఉంటుంది. కడుపు ఎక్కడ ఆగి పేగు ఎక్కడ మొదలైందో ఆ మసకలో వెతుక్కోవాలి. ఎంఆర్ఐలో అయితే స్పష్టంగా కనిపిస్తుంది. కానీ ఎంఆర్ఐ అంటే భారీ అయస్కాంతం, రేడియేషన్ యంత్రంలో ఎలక్ట్రాన్లని నేరుగా పరిగెత్తించాలి. అయస్కాంతం ఎలక్ట్రాన్ల దారిని వంచుతుంది. ఒకే గదిలో ఈ రెండూ అంటే ఒకే ఒరలో రెండు కత్తులే. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్‌లో యాన్ లాగెండెయిక్, బాస్ రాయ్‌మేకర్స్ పదేళ్లు దీంతో కుస్తీ పట్టారు. 2009లో కిరణం నడుస్తుండగానే ఎంఆర్ఐ బొమ్మ తీసి చూపించారు. బొమ్మ దిగిన తొలి పేషెంటు ఒక పంది మాంసం ముక్క. మనుషుల దాకా రావడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది, 2017. ఈలోగా అమెరికాలో వ్యూరే అనే కంపెనీ బలహీనమైన అయస్కాంతం, కోబాల్ట్ మూలకం కలిపి 2014లోనే రోగులకి మొదలుపెట్టేసింది. కోబాల్ట్‌కి ఎలక్ట్రాన్ల పరుగు అక్కర్లేదు కదా, గొడవే లేదు.

యంత్రంలో గొడవ తీరినా కడుపులో మిగిలింది. కిరణం మాంసంలో ఎలక్ట్రాన్లని లేపుతుంది, అవి గాలి బుడగలోకి వస్తే అయస్కాంతం వాటిని గుండ్రంగా తిప్పి వచ్చిన గోడకే మళ్లీ కొడుతుంది. కడుపంటేనే గాలి బుడగ ఉండే సంచి. ఆ లెక్క కూడా ప్లాన్‌లో కలపాల్సి వచ్చింది. గ్యాస్ ట్రబుల్ అన్నమాట తేలిగ్గా తీసెయ్యకూడదని అందుకే అన్నాను.

*

ఇన్ని హంగులు 30 గ్రే కోసం అవసరమా అని అడిగేవాళ్లున్నారు, వాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. ప్యాంక్రియాస్ క్యాన్సర్‌కి భారీ మోతాదు ఇవ్వాలి, అక్కడ మిల్లీమీటరు కూడా లెక్కే. లింఫోమాకి మోతాదు తక్కువ, మామూలు యంత్రంతో, ఊపిరి బిగబట్టించి, రోజూ సీటీ తీసుకుని చేసినా జబ్బు పోతుంది. నిజమే. జబ్బు పోవడం దగ్గర తేడా రాదు.

తేడా వచ్చేది కాప్లాన్ రోగుల దగ్గర. మాల్ట్ లింఫోమా నయమైన మనిషి నలభై అయిదేళ్ల వాడైతే అతని ముందు ఇంకో ముప్పై నలభై ఏళ్లున్నాయి. ఎడమ కిడ్నీ, గుండె ఆ ముప్పై ఏళ్లూ పనిచెయ్యాలి. మధుమేహమో బీపీయో తోడైతే కిడ్నీలో మిగిలిన ప్రతి ముక్కకీ విలువుంటుంది. మోతాదు తక్కువ కాబట్టి జాగ్రత్త తక్కువ చాలనడం, హాజ్కిన్ రోగులు నేర్పిన పాఠాన్ని వెనక్కి తిప్పడమే. నేనైతే అంచు తగ్గించే వైపే ఓటేస్తాను. ఖరీదైన యంత్రం వైపు తప్పనిసరిగా కాదు. రోజూ చూసుకుని, కడుపు పెద్దగా మారిన రోజు ప్లాన్ మార్చే ఓపిక ఉన్న డిపార్ట్‌మెంట్ వైపు.

ఓపిక అన్నది ఊరికే అన్న మాట కాదు. అడాప్టివ్ పద్ధతిలో రోగి బల్ల మీద పడుకున్నాక బొమ్మ తీస్తారు. కంప్యూటర్ కడుపు, కిడ్నీ, లివర్ గీతలు గీస్తుంది. అది తప్పులు చేస్తుంది, డాక్టర్ కూర్చుని దిద్దుతాడు. కొత్త ప్లాన్ లెక్కకడుతుంది. ఫిజిసిస్ట్ సరిచూస్తాడు. మామూలుగా పదిహేను నిమిషాల్లో అయ్యే పని ముప్పావుగంట, గంట అవుతుంది. అంతసేపట్లో కడుపేమీ ఊరుకోదు, పేగులోకి గాలి దిగుతుంది, రసాలు ఊరతాయి. దిద్దిన ప్లాన్ తయారయ్యేసరికి అది దిద్దిన కడుపు కాస్త పాతదైపోయి ఉంటుంది. అందుకని కిరణం వేసేముందు మళ్లీ ఒకసారి చూస్తారు. ఒక్కో రోగికి గంట అంటే రోజుకి ఎనిమిది పదిమందే. బయట వరుసలో ఉన్నవాళ్లకి ఏం చెప్పాలి? ఈ ప్రశ్నకి యంత్రాలు అమ్మేవాళ్ల దగ్గర జవాబు లేదు. అందరికంటే ముందు పరిగెత్తిన వ్యూరే కంపెనీ 2023 జూలైలో దివాలా తీసింది. అప్పటికే దాని యంత్రాలు కొనుక్కున్న ఆస్పత్రులు విడిభాగాలు ఎవరిస్తారా అని తలపట్టుకున్నాయి.

ఖర్చులేని పని ఒకటుంది, అదే అన్నిటికంటే ముందు చేస్తారు. చికిత్స జరిగే రోజుల్లో రోగిని కొన్ని గంటల ముందు నుంచి ఏమీ తినొద్దంటారు, రోజూ ఒకే వేళకి రమ్మంటారు. కొన్నిచోట్ల గ్లాసు కొలిచి నీళ్లు తాగిస్తారు. ఖాళీ కడుపు చిన్నగా ఉంటుంది, దాదాపు ఒకేలా ఉంటుంది. కడుపు మంట జబ్బుతో వచ్చిన మనిషి ఇరవై రోజులు పొద్దున్నే ఖాళీ కడుపుతో ఆటో ఎక్కాలి. పొద్దుటి స్లాటు దొరకనివాళ్లు మధ్యాహ్నం దాకా అలాగే కూర్చోవాలి.

ఆ తర్వాత బల్ల మీద పడుకుంటారు. ఎంఆర్ఐ ఉన్న కొన్ని యంత్రాల్లో రోగికి కూడా తెర కనిపించే ఏర్పాటు ఉంటుంది. అందులో తన కడుపు అంచు ఒక గీతగా కదులుతుంటుంది. దాని చుట్టూ డాక్టర్ గీసిన ఇంకో గీత కదలకుండా ఉంటుంది. ఊపిరి తీసుకుని బిగబట్టండి అంటారు. కదిలే గీత కదలని గీతలోకి దిగాక కిరణం వెలుగుతుంది. ఇరవై సెకన్లకో ఇరవై అయిదుకో ఊపిరి చాలదు, వదిలేస్తారు. గీత బయటికి జారుతుంది. కిరణం దానంతట అదే ఆరిపోతుంది.